సమీప పరారుణ కాంతితో రొమ్ము క్యాన్సర్‌ను కనిపెట్టగలమా? ఆ వెలుగు ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు

చీకటి గదిలో మొబైల్ ఫోన్ టార్చి వెలిగించి దాని మీద వేళ్లు ఆనిస్తే, వేళ్లు లోపలి నుంచి ఎర్రగా వెలుగుతాయి. నీలం, ఆకుపచ్చ రంగులు దారిలోనే ఇంకిపోయి ఎరుపు మాత్రం చర్మాన్నీ కండనూ దాటుకొని మన కంటికి చేరుతుంది. అయితే ఎంత తేరిపార చూసినా ఆ వెలుగులో వేలి ఎముక నీడ కనిపించదు. కాంతి శరీరాన్ని దాటగలదన్నది మొదటి సంగతి, దాటిన కాంతి లోపలి ఆకారాలను స్పష్టంగా చూపలేదన్నది రెండో సంగతి. రొమ్ము కణజాలాన్ని సమీప పరారుణ కాంతితో పరీక్షించే పద్ధతుల మీద సుమారు వందేళ్లుగా వ్యక్తమవుతున్న ఆశలన్నీ మొదటి సంగతి నుంచి, వాటికి ఎదురైన నిరాశలన్నీ రెండో సంగతి నుంచి పుట్టినవే.

ఎక్స్‌రే అక్కరలేదు, రొమ్మును గట్టిగా నొక్కే పని లేదు, నొప్పి ఉండదు, కేవలం కాంతితో క్యాన్సర్‌ను పసిగడతామనే మాటలు తరచుగా వినిపిస్తున్నాయి. వీటిలో కొన్నింటి వెనుక నిజమైన శాస్త్రం ఉంది. మరికొన్నింటిలో వేర్వేరు పద్ధతులు ఒకదానితో ఒకటి కలిసిపోయి గందరగోళం ఏర్పడింది. అందువల్ల మాటల అర్థాలను విడదీసుకోవడంతోనే మొదలుపెట్టాలి.

శరీరం వెదజల్లే వేడి వేరు, శరీరంలోకి పంపే వెలుగు వేరు

మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఎరుపును దాటాక మొదలయ్యేది పరారుణం. దానిలో ఎరుపుకు ఆనుకొని ఉన్న భాగాన్ని, అంటే దాదాపు 700 నుంచి 1,000 నానోమీటర్లు, ఆపై మరికొంత మేర ఉన్న పట్టీని సమీప పరారుణం అంటారు. టీవీ రిమోట్ నుంచి వెలువడే కంటికి కనిపించని కాంతి ఈ కోవకే చెందుతుంది.

మానవ శరీరం తనంతట తాను వెదజల్లే వేడి కూడా పరారుణమే. కాని దాని తరంగదైర్ఘ్యం 10,000 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. దాన్ని కెమెరాతో పట్టి చర్మం మీద ఎక్కడ ఎంత వేడి ఉందో చూపే పద్ధతి థర్మోగ్రఫీ. ఇందులో శరీరంలోకి ఏ కాంతినీ పంపరు. తెలిసేది చర్మపు ఉష్ణోగ్రత, దాని నుంచి లోపలి పరిస్థితిని ఊహిస్తారు. సమీప పరారుణ పద్ధతిలో ఇందుకు భిన్నంగా కాంతిని కణజాలంలోకి పంపి, అది ఎంత మారి బయటికి వచ్చిందో కొలుస్తారు. రెండు పేర్లలోనూ ‘పరారుణం’ ఉన్నంత మాత్రాన ఒకదాని ఫలితాలను రెండోదానికి ఆపాదించడం తగదు. రొమ్ముకు తీసే ఎక్స్‌రే పరీక్ష అయిన మామోగ్రామ్‌కు బదులుగా థర్మోగ్రఫీని వాడరాదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో ఒకసారి, 2019లో మరోసారి ప్రజలను హెచ్చరించింది. ఆ హెచ్చరిక థర్మోగ్రఫీకి సంబంధించినది.

మన దేశంలో ఈ తేడా తెలుసుకోవలసిన అవసరం ఇంకా ఎక్కువ. బెంగళూరుకు చెందిన నిరామయి సంస్థ రూపొందించిన విధానం ఉష్ణ చిత్రాలను కృత్రిమ మేధతో విశ్లేషిస్తుంది. ఐబ్రెస్ట్ ఎగ్జామ్ అనే చేతి పరికరం పీడన సెన్సర్లతో కణజాలపు గట్టిదనాన్ని కొలుస్తుంది. ఈ రెండూ రేడియేషన్ లేని పద్ధతులే, కాని ఈ వ్యాసం చర్చించే కాంతి పద్ధతులు కావు. ఒక్కొక్కటి ఒక్కో భౌతిక లక్షణాన్ని కొలుస్తుంది కాబట్టి ఏ పద్ధతి సాక్ష్యాన్ని ఆ పద్ధతికే పరిమితం చేసి తూచాలి.

కణజాలంలో కాంతికి తెరుచుకొనే కిటికీ

కాంతి కణజాలంలో ప్రయాణించేటప్పుడు దానికి రెండు జరుగుతాయి. దారిలోని అణువులు దాన్ని పీల్చుకోవడం శోషణ, జీవకణాల పొరల వంటి సూక్ష్మ నిర్మాణాలకు తగిలి దిశ మారడం పరిక్షేపణ. సుమారు 600 నానోమీటర్లకు దిగువన రక్తంలోని హిమోగ్లోబిన్ కాంతిని బలంగా పీల్చేస్తుంది. 1,000 నానోమీటర్లకు అటువైపు నీటి శోషణ పెరుగుతుంది. ఈ రెంటి నడుమ, దాదాపు 650 నుంచి 950 నానోమీటర్ల వరకు, రెండు శోషణలూ తక్కువగా ఉండే ఒక కిటికీ ఉంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాన్స్ యోబ్సిస్ 1977లో ఈ కిటికీ గుండా మెదడులోను, గుండెలోను ఆక్సిజన్ స్థితిని కోత లేకుండా గమనించవచ్చని చూపించాడు. ఈనాటి సమీప పరారుణ వైద్య పరికరాలకు పునాది ఆ ప్రదర్శనే.

రొమ్ము ఈ పద్ధతికి అనుకూలమైన అవయవం. కాంతికి అడ్డుపడే ఎముక అందులో లేదు, కొవ్వు పాలు ఎక్కువ, రెండు వైపుల నుంచీ చేరుకోవచ్చు. ఇక ఆ కిటికీలో కాంతిని పీల్చే ముఖ్య పదార్థాలు నాలుగే: ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్, నీరు, కొవ్వు. కణితి పెరిగేచోట ఈ నాలుగింటి పాళ్లూ మారుతాయి. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగాలంటే కణితి తనకంటూ కొత్త రక్తనాళాలను రప్పించుకోవాలని 1971లో జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించాడు. అలా అక్కడ రక్తం చేరుతుంది, కణాలు కిక్కిరిసి నీటి శాతం పెరుగుతుంది, కొవ్వు పక్కకు జరుగుతుంది. ఎక్స్‌రే చిత్రంలో కణితి తెలిసేది సాంద్రతలో తేడా వల్ల. కాంతికి తెలిసేది రక్తంలో, ఆక్సిజన్‌లో, నీటిలో తేడా వల్ల. ఈ పద్ధతి మీద శాస్త్రవేత్తలు ఆశ వదులుకోకపోవడానికి అసలు కారణం ఇదే.

మబ్బు పట్టిన రోజు నీడ ఎందుకు పడదు

ఎండ కాసే రోజు చెట్టు నీడ నేల మీద గీత గీసినట్టు పడుతుంది. దట్టంగా మబ్బు పట్టిన రోజు వెలుతురు ఉంటుంది గాని నీడ ఉండదు, ఎందుకంటే మబ్బులోని నీటి తుంపరలకు తగిలి వెలుగు అన్ని దిక్కుల నుంచీ వస్తుంది. రొమ్ము కణజాలంలో సమీప పరారుణ కాంతి పరిస్థితి అచ్చంగా ఇదే. ఎక్స్‌రే చాలా వరకు తిన్నగా దూసుకుపోతుంది కాబట్టి అది నీడను గీస్తుంది. కాంతి కణం మాత్రం ఒక మిల్లీమీటరులో పదో వంతు దూరానికి ఒకసారి దేనికో తగులుతూ, సుమారు ఒక మిల్లీమీటరు వెళ్లేసరికి తాను మొదట ఏ దిశలో బయలుదేరిందన్నది పూర్తిగా మరిచిపోతుంది. ఆరు సెంటీమీటర్ల మందం దాటడానికి అది తిరిగే మొత్తం దారి ఆ మందానికి అనేక రెట్లు ఉంటుంది.

ఎంత కాంతి మిగులుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. సగటు రొమ్ము కణజాలంలో శోషణ, పరిక్షేపణల విలువలను కలిపి చూస్తే, లోతు ఒక్కొక్క సెంటీమీటరు పెరిగేకొద్దీ కాంతి దాదాపు మూడో వంతుకు తగ్గుతుందని చెప్పుకోవచ్చు. ఆరు సెంటీమీటర్లకు మూడును ఆరుసార్లు గుణిస్తే 729 వస్తుంది. అంటే మిగిలేది ఏడు వందల్లో ఒక వంతు. ఎనిమిది సెంటీమీటర్లయితే అది ఆరువేల అయిదు వందల్లో ఒక వంతుకు పడిపోతుంది. ఆ మిగిలినదాన్ని ఒక చిన్న సెన్సరు పట్టుకోవాలి. కొన్ని పరికరాల్లో రొమ్మును రెండు పలకల మధ్య మెత్తగా అదిమి పట్టడానికి కారణం ఇక్కడుంది: రెండు సెంటీమీటర్ల మందం తగ్గితే చేరే కాంతి తొమ్మిది రెట్లు పెరుగుతుంది. అయితే అదిమితే రక్తం పక్కకు పోతుంది. కొలవాలనుకున్నదే రక్తం కాబట్టి ఎంత అదమాలన్నది కూడా ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయమే. మామోగ్రామ్‌లో లేని చిక్కు ఇది.

చెదిరిన కాంతి నుంచి లోపలి చిత్రాన్ని తిరిగి కట్టే పద్ధతిని విసరణ కాంతి టోమోగ్రఫీ అంటారు. రొమ్ము చుట్టూ పలుచోట్ల కాంతిని పంపి, పలుచోట్ల అందుకొని, ఇలాంటి కొలతలు రావాలంటే లోపల రక్తం ఎక్కడెక్కడ ఎంత ఉండాలని కంప్యూటరు వెనక్కి లెక్క కడుతుంది. చిక్కేమిటంటే ఒకే కొలతల సమూహానికి ఒకటికి మించిన సమాధానాలు సరిపోవచ్చు. ఒక చోట చిన్నదిగా చిక్కని కణితి ఉన్నా, అదే చోట పెద్దదిగా పలచని మచ్చ ఉన్నా బయటి సెన్సర్లకు ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. అందుకే ఈ చిత్రాల సూక్ష్మత, అంటే అవి విడిగా చూపగల అతి చిన్న వివరం, అయిదు నుంచి పది మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఎడతెగని కాంతికి బదులు సెకనులో లక్షకోట్ల వంతులతో కొలిచే అతి చిన్న కాంతి స్పందనలను పంపి, ఏ కాంతి కణం ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసే పద్ధతిని ఇటలీలోని మిలాన్ పాలిటెక్నిక్, బెర్లిన్‌లోని జర్మన్ జాతీయ ప్రమాణాల సంస్థ అభివృద్ధి చేశాయి. ఇది శోషణనూ పరిక్షేపణనూ వేరుచేసి చూపుతుంది గాని మబ్బును తొలగించదు.

ఆక్సీమీటరు తెలిసినవారికి తెలిసిన లెక్క

కొవిడ్ కాలంలో ఇంటింటా చేరిన పల్స్ ఆక్సీమీటరు ఈ శాస్త్రానికి దగ్గరి చుట్టం. వేలి గుండా 660 నానోమీటర్ల ఎర్రని కాంతినీ, 940 నానోమీటర్ల పరారుణ కాంతినీ పంపి, రెండూ ఎంతెంత ఇంకాయో పోల్చి ఆక్సిజన్ శాతం చెబుతుంది. రొమ్ము పరీక్షలోనూ సూత్రం అదే, కాకపోతే ఇక్కడ మొత్తం రక్తం ఎంతన్నది కూడా కావాలి.

ఒక సులభమైన ఉదాహరణ తీసుకుందాం. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ ఒక పాలు 760 నానోమీటర్ల వద్ద 15, 850 వద్ద 7 యూనిట్ల కాంతిని పీలుస్తుందనీ, ఆక్సిజన్ ఉన్నది అదే వరుసలో 6, 11 పీలుస్తుందనీ అనుకుందాం. అసలు విలువల నిష్పత్తులు వీటికి దగ్గరగానే ఉంటాయి. ఒక చోట 760 వద్ద 870, 850 వద్ద 980 కొలత వచ్చింది. రెండు సమీకరణాలు సాధిస్తే ఆక్సిజన్ లేనిది 30 పాళ్లు, ఉన్నది 70 పాళ్లు అని తేలుతుంది. మరోచోట 1,920, 1,880 వచ్చాయి. అక్కడ సమాధానం 80, 120. మొదటిచోట మొత్తం రక్తం 100 పాళ్లు, ఆక్సిజన్ 70 శాతం. రెండోచోట మొత్తం 200 పాళ్లు, ఆక్సిజన్ 60 శాతం. రెండోది అనుమానించదగ్గ చోటు. ఒక్క తరంగదైర్ఘ్యంతోనే కొలిచి ఉంటే ‘ఇక్కడ ఎక్కువ చీకటిగా ఉంది’ అని మాత్రమే తెలిసేది, కారణం తెలిసేది కాదు. నీటినీ కొవ్వునూ కూడా విడదీయాలంటే ఇంకో రెండు తరంగదైర్ఘ్యాలైనా కావాలి.

నిజమైన కణితులు ఈ ఉదాహరణంత పద్ధతిగా ఉండవు. మొత్తం రక్తం పెరగడం చాలా అధ్యయనాల్లో నిలకడగా కనిపించిన లక్షణం. ఆక్సిజన్ శాతం మాత్రం ఒక్కో కణితిలో ఒక్కోలా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ ప్రాంగణంలో బ్రూస్ ట్రాంబర్గ్ బృందం ఈ కారణంగానే ఏ ఒక్క అంకె మీదా ఆధారపడకుండా, ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్‌ను నీటితో గుణించి కొవ్వుతో భాగించే ఒక సూచికను వాడింది. కణితిలో పెరిగేవి పైన, తగ్గేది కింద ఉంటాయి కాబట్టి తేడా ఎత్తి చూపినట్టవుతుంది.

1929 నుంచి 1990 దాకా: ఒక ఆశ పెరిగి విరిగిన కథ

న్యూయార్క్‌లో మాక్స్ కట్లర్ అనే వైద్యుడు 1929లోనే బలమైన దీపాన్ని రొమ్ముకు ఆనించి చీకటి గదిలో నీడలను గమనించిన పద్ధతిని ప్రచురించాడు. నీటితో, ద్రవంతో నిండిన తిత్తులు వెలుగును పోనిచ్చేవి, గట్టి గడ్డలు, రక్తం చేరిన చోట్లు నల్లగా కనిపించేవి. కాని దీపం వేడికి చర్మం ఓర్చుకోలేకపోవడం ఒక ఆటంకం, గడ్డ ఏ రకానిదో చెప్పలేకపోవడం మరో ఆటంకం. 1970ల్లో ఫ్రాన్స్‌లో చల్లబరిచే దీపాలతోను, ఆ తరువాత స్వీడన్‌లో పరారుణ కాంతికి స్పందించే ఫిల్ముతోను పద్ధతికి మళ్లీ ప్రాణం వచ్చింది. వీడియో కెమెరాలు తోడయ్యాక వైద్యశాలల్లో పరికరాల వాడకం కూడా మొదలైంది.

అప్పుడు జరగవలసిన పని జరిగింది: మామోగ్రామ్‌తో ముఖాముఖి పోల్చారు. స్వీడన్‌లో అనేక కేంద్రాల్లో 2,500 మందికి పైగా మహిళలపై జరిపిన అధ్యయనం 1990లో వెలువడింది. కాంతి పరీక్ష మామోగ్రామ్ పట్టిన క్యాన్సర్లలో చాలా వాటిని, ముఖ్యంగా చిన్నవాటిని, వదిలేసింది. ఆ ఫలితంతో స్క్రీనింగ్‌కు, అంటే లక్షణాలు లేనివారిలో జబ్బును ముందుగా వెతకడానికి, సాధనంగా ఈ పద్ధతి పక్కకు తప్పుకుంది. ఆ తరువాత లేజర్లు, సున్నితమైన సెన్సర్లు, కంప్యూటర్ లెక్కలు వచ్చి పరిస్థితి చాలా మారినా, కేవలం కాంతితో పనిచేసే ఏ పరికరమూ మామోగ్రామ్‌కు ప్రత్యామ్నాయంగా అమెరికాలో ఆమోదం పొందలేదు. దీన్ని కేవలం నియంత్రణ సంస్థల మొండితనంగా చూడటం సరికాదని నా అభిప్రాయం. భౌతికశాస్త్రమే విధించిన పరిమితి ఒకటుంది.

కాంతికి అందనివి, కాంతిని పొరబడేలా చేసేవి

మామోగ్రామ్ కనిపెట్టే తొలి దశ మార్పుల్లో ముఖ్యమైనవి సూక్ష్మమైన సున్నపు (కాల్షియం) చుక్కలు. పాల నాళాల్లోనే ఆగి ఉన్న క్యాన్సర్‌కు తరచుగా అవే తొలి గుర్తు. ఒక్కో చుక్క అర మిల్లీమీటరు కంటే చిన్నది. అయిదు మిల్లీమీటర్ల సూక్ష్మత గల చిత్రంలో అది కనిపించే అవకాశమే లేదు, పైగా సున్నానికి సమీప పరారుణంలో చెప్పుకోదగ్గ రంగు కూడా లేదు.

రెండో చిక్కు రొమ్ము నిలకడగా ఉండకపోవడం. నెలసరి చక్రంలో రక్తం, నీరు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. గర్భం, పాలివ్వడం, ముట్లుడగడం, హార్మోన్ మందులు అన్నీ ఈ పాళ్లను మారుస్తాయి. ఒకే మహిళలో నెల మొదట్లో ఒక అంకె, రెండు వారాలకు మరో అంకె రావచ్చు. అందుకే ఇద్దరు మహిళలను పోల్చడం కంటే ఒకే మహిళలో గడ్డ ఉన్న చోటును అవతలి రొమ్ములోని అదే చోటుతో పోల్చడం నమ్మదగినదని పరిశోధకులు గ్రహించారు. ఇక యువతుల్లో తరచుగా కనిపించే హానిలేని ఫైబ్రోఅడినోమా గడ్డల్లో కొన్నింటికి, వాపుకూ చీముకూ కూడా రక్తం ఎక్కువగానే చేరుతుంది. రక్తం పెరిగిన ప్రతిచోటా క్యాన్సర్ ఉండదు.

అదే పరికరం, రెండు చోట్ల రెండు విలువలు

ఇక్కడే చాలామందిని తికమక పెట్టే విషయం ఉంది. ‘85 శాతం కచ్చితత్వం’ అన్న మాట వినగానే మంచి పరీక్ష అనిపిస్తుంది. ఆ అంకె ఎవరి మీద పరీక్షించినప్పుడు వచ్చిందో అడగకపోతే దానికి అర్థం లేదు. వైద్య పరిభాషలో సున్నితత్వం అంటే క్యాన్సర్ ఉన్నవారిలో ఎంతమందిని పట్టిందన్న లెక్క, నిర్దిష్టత అంటే లేనివారిలో ఎంతమందిని లేదని సరిగా చెప్పిందన్న లెక్క. ఒక ఊహా పరికరానికి ఈ రెండూ 85 శాతం అనుకుందాం.

ఏ లక్షణాలూ లేని 1,000 మంది మహిళలను శిబిరంలో పరీక్షించారు, వారిలో 5 గురికి క్యాన్సర్ ఉంది. పరికరం 4 గురిని పడుతుంది. మిగతా 995 మందిలో 15 శాతం, అంటే దాదాపు 149 మందికి లేని క్యాన్సర్ ఉన్నట్టు చూపుతుంది. మొత్తం 153 మంది భయంతో ఇంటికి వెళితే వారిలో నిజంగా రోగం ఉన్నవారు నలుగురు. ఇప్పుడు అదే పరికరాన్ని ఆసుపత్రిలో, అప్పటికే గడ్డ కనిపించి బయాప్సీకి, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడానికి, సిద్ధమైన 1,000 మందిపై వాడారు, వారిలో 200 మందికి క్యాన్సర్ ఉంది. 170 మందిని సరిగా పడుతుంది, 120 మందికి తప్పుగా చూపుతుంది. పరికరం చూపిన 290 మందిలో సగానికి మించి నిజమే. పరికరం మారలేదు, దాని ముందు నిలిచిన మనుషులు మారారు. ఆసుపత్రి అధ్యయనంలో వచ్చిన మంచి ఫలితాన్ని శిబిరానికి ఎత్తుకెళ్లడం ఎందుకు కుదరదో ఈ లెక్క చెబుతుంది.

సమర్థకుల వాదన, సందేహించేవారి వాదన

సమర్థకులు ముందుగా ఎత్తిచూపేది మామోగ్రామ్‌కు ఉన్న లోటు. రొమ్ములో కొవ్వు తక్కువ, గ్రంథి కణజాలం ఎక్కువ అయితే ఎక్స్‌రేలో అంతా తెల్లగా కనిపిస్తుంది, కణితి కూడా తెల్లగానే ఉంటుంది. అమెరికాలో 2003లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, దాదాపు పూర్తిగా కొవ్వు ఉన్న రొమ్ముల్లో మామోగ్రామ్ సున్నితత్వం 87 శాతం ఉండగా, అత్యంత సాంద్రమైన రొమ్ముల్లో అది 62.9 శాతానికి పడిపోయింది. సాంద్రత యువతుల్లో ఎక్కువ. భారతదేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలతో పోలిస్తే చిన్న వయసులోనే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఈ వాదనకు ఇక్కడ బరువు ఎక్కువ. సమీప పరారుణ కాంతి అణువులను చీల్చేంత శక్తి లేనిది, కాబట్టి ఎన్నిసార్లయినా వాడవచ్చన్నది వారి రెండో మాట. ఇది నిజమే, కాని మామోగ్రామ్ రేడియేషన్‌ను అతిగా ఊహించుకోవడం కూడా తప్పు. రెండు రొమ్ముల పరీక్షకు పడే మోతాదు సుమారు 0.4 మిల్లీసీవర్టులు, ప్రకృతి నుంచి మనకు కొన్ని వారాల్లో సహజంగా అందేంత.

సందేహించేవారు అడిగేది ఒకటే ప్రశ్న: మరణాలు తగ్గుతాయా? మామోగ్రామ్‌కు దశాబ్దాల పాటు లక్షల మందిపై జరిగిన పరీక్షల ఆధారం ఉంది. కాంతి పద్ధతుల అధ్యయనాలు ఎక్కువగా పదుల మందిపై, వందల మందిపై జరిగినవి, అది కూడా అప్పటికే గడ్డ ఉన్నవారిపై. రెండు పక్షాలూ తమ తమ పరిధిలో సరైన మాటే చెబుతున్నాయి. కాంతి ఏ పనికి అన్నదాని మీదే భేదమంతా ఉంది.

అందుకే గత రెండు దశాబ్దాల్లో కాంతి ఒంటరిగా నడవడం మానేసి ఇతర యంత్రాల చెయ్యి పట్టుకుంది. డార్ట్‌మత్ కళాశాల బృందం ఎంఆర్ఐ చూపిన ఆకారంలోపల కాంతి కొలతలు తీసుకుంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో క్వింగ్ జూ బృందం అల్ట్రాసౌండ్ గడ్డను చూపిస్తే దానిలో రక్తం ఎంతో కాంతితో కొలిచింది. ఎక్కడ ఉందో ఒక యంత్రం చెబుతుంది, అక్కడ ఏం జరుగుతోందో కాంతి చెబుతుంది.

ఈ దారిలో అమెరికాలో ఆమోదం దాకా వెళ్లింది కాంతి ధ్వని పద్ధతి. అతి తక్కువ వ్యవధి గల లేజర్ స్పందన తగిలినప్పుడు రక్తం క్షణకాలం వేడెక్కి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు నుంచి ధ్వని తరంగం పుడుతుంది. ధ్వని కాంతిలాగా చెదిరిపోదు కాబట్టి చిత్రం స్పష్టంగా వస్తుంది. కాంతి పడితే ధ్వని పుడుతుందని 1880లోనే గ్రాహం బెల్ గమనించాడు. టెక్సస్‌కు చెందిన సెనో మెడికల్ సంస్థ 757, 1,064 నానోమీటర్ల లేజర్లను అల్ట్రాసౌండ్‌తో కలిపి తయారుచేసిన ఇమాజియో పరికరానికి 2021లో ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. అది స్క్రీనింగ్‌కు కాదు, అప్పటికే కనిపించిన గడ్డను మరింత తరచి చూడటానికి.

దాని ప్రధాన అధ్యయనం 2018లో ప్రచురితమైంది. పరికరంలోని అల్ట్రాసౌండ్ ఒక్కటే వాడినప్పుడు నిర్దిష్టత 28.1 శాతం ఉండగా, కాంతి ధ్వని కలిపితే 43 శాతానికి పెరిగింది. సున్నితత్వం మాత్రం 98.6 నుంచి 96 శాతానికి తగ్గింది. దీన్ని మనుషుల లెక్కలోకి మారిస్తే ఇలా ఉంటుంది. గడ్డ ఉన్న 1,000 మందిలో పావు వంతు మందికి క్యాన్సర్ ఉందనుకుంటే, మిగతా 750 మందిలో అదనంగా 112 మంది దాకా బయాప్సీ భయం నుంచి తప్పించుకుంటారు. అదే సమయంలో క్యాన్సర్ ఉన్న 250 మందిలో అదనంగా ఆరేడుగురు చేజారవచ్చు. 112 మంది ఊరట, ఆరేడుగురి ఆలస్యం, ఈ రెంటిలో ఏది ఎక్కువన్నది సాంకేతిక ప్రశ్న కాదు. అందుకే రేడియాలజిస్టులు ఈ ఫలితాన్ని ఒకే రకంగా చదవలేదు.

మన దేశపు లెక్కల్లో ఈ పద్ధతికి చోటెక్కడ

2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఏటా సుమారు 1,92,000 మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వస్తోంది, 98,000 మందికి పైగా చనిపోతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నామన్నవారు వందకు ఒకరు కూడా లేరు. అందరికీ మామోగ్రామ్ అందించే యంత్రాలు గాని, చిత్రాలు చదివే నిపుణులు గాని మనకు లేరు. చవకైన, మోసుకెళ్లగలిగే, రేడియేషన్ లేని పరికరం కోసం ఆరాటం అందుకే. ఆ ఆరాటం న్యాయమైనది.

అయితే పోల్చవలసింది దేనితో? ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1,51,538 మంది మహిళలపై 20 ఏళ్లపాటు నడిపిన అధ్యయనం 2021లో వెలువడింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో రొమ్ములను పరీక్షించారు. మొత్తం మీద మరణాల్లో కనిపించిన 15 శాతం తగ్గుదల గణాంకపరంగా రూఢి కాలేదు గాని, 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి ఇలాంటి పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 2016 నుంచి చెబుతున్నాయి. అంటే మన గ్రామాల్లో కొత్త కాంతి పరికరం గెలవవలసింది పెద్దాసుపత్రి మామోగ్రామ్‌తో కాదు, ఏఎన్ఎం వంటి కార్యకర్త తర్ఫీదు పొందిన చేతితో. చేతికి దొరకని గడ్డను కాంతి పట్టగలిగితేనే దాని ఖర్చుకు అర్థం ఉంటుంది. మన దేశంలో ఈ జబ్బు రేటు పాశ్చాత్య దేశాల కంటే తక్కువ కాబట్టి, పైన వేసిన శిబిరం లెక్కలో 5కు బదులు ఒకటో రెండో పెట్టి మళ్లీ చూస్తే తప్పుడు హెచ్చరికల పాలు ఇంకా పెరుగుతుంది.

చర్మపు రంగు కూడా ఇక్కడ గుర్తుంచుకోవలసిన అంశం. మెలనిన్ కూడా కాంతిని పీలుస్తుంది, తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఆ పీల్చడం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. పల్స్ ఆక్సీమీటర్లు నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ లోపాన్ని తెల్లవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపెట్టలేకపోయాయని 2020లో అమెరికాలో తేలింది. ఒక చర్మపు రంగు వారి మీద సరిచూసిన రొమ్ము పరికరాన్ని మరో రంగు వారి మీద వాడే ముందు మళ్లీ సరిచూడాలి.

చికిత్స జరుగుతుండగా కణితిని గమనించడం

ఈ పద్ధతికి అతికినట్టు సరిపోయే పని నాకు కనిపించేది ఇక్కడే. కొందరు రోగులకు శస్త్రచికిత్సకు ముందే నెలల తరబడి కీమోథెరపీ ఇచ్చి కణితిని కుదిస్తారు. మందు పనిచేస్తోందో లేదో తెలియడానికి పరిమాణం తగ్గేదాకా ఆగాలి. పనిచేయని మందును అంతకాలం భరించడం రోగికి రెట్టింపు నష్టం. పరిమాణం కంటే ముందే రక్తప్రసారం, ఆక్సిజన్ వాడకం మారతాయి, కాంతి కొలిచేవి సరిగ్గా అవే. కణితి ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి అయిదు మిల్లీమీటర్ల సూక్ష్మత చాలు. పోల్చేది అదే మహిళను ఆమె పాత కొలతతో కాబట్టి వ్యక్తుల మధ్య తేడాల బెడద చాలా వరకు ఉండదు. రేడియేషన్ లేదు, ఇంజెక్షన్ లేదు కాబట్టి వారానికోసారి కొలిచినా హాని లేదు. స్క్రీనింగ్‌లో బలహీనతలైనవన్నీ ఇక్కడ అడ్డు తొలగుతాయి.

ట్రాంబర్గ్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మందుకు స్పందించిన కణితుల్లో తొలి మోతాదు ఇచ్చిన మరుసటి రోజే ఆక్సిజన్‌తో కూడిన హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పెరగడం కనిపించింది, స్పందించనివాటిలో అది కనిపించలేదు. ఆ ఆశతో అమెరికాలో పలు కేంద్రాల్లో జరిగిన తదుపరి పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. 60 మంది చేరగా 34 మంది కొలతలు మాత్రమే విశ్లేషణకు పనికొచ్చాయి. క్యాన్సర్ పూర్తిగా మాయమయ్యేవారినీ కానివారినీ వేరుచేసే సామర్థ్యాన్ని 0.5 నుంచి 1 దాకా ఉండే కొలమానంలో చెబితే, చికిత్స నడుమ చూసిన సూచిక అందరినీ కలిపి చూసినప్పుడు 0.60 వచ్చింది. అది బొమ్మా బొరుసూ వేయడం కంటే కొంచెమే మెరుగు. మొదటి నుంచీ కణితిలో ఆక్సిజన్ శాతం ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం అది 0.83 వచ్చింది. ఎవరికి ఉపయోగపడుతుందో ముందే తెలుసుకొనే ఆధారం దొరికింది గాని, అంత కొద్దిమందిలో తేలిన తేడా మరో పెద్ద బృందంలో నిలబడాలి. ప్రస్తుతానికి కీమోథెరపీ మందు మార్చాలా వద్దా అన్న నిర్ణయాన్ని వైద్యులు చేతి పరీక్ష, అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐల మీదే తీసుకుంటున్నారు, కాంతి కొలతలు పరిశోధన నమోదుల్లోనే ఉన్నాయి.